అమ్మానాన్నలకు పెద్ద టీవీ: 40 వేల లోపు ఎలా ఎంచుకోవాలి

ఊళ్లో అమ్మానాన్నల దగ్గరున్న పాత 32 అంగుళాల టీవీ తీసేసి పెద్దది పెట్టిద్దామనుకుంటున్నారు. బడ్జెట్ 40 వేలు, తప్పదంటే ఇంకో నాలుగైదు వేలు. ఆన్‌లైన్‌లో వెతకడం మొదలుపెడితే క్యూఎల్‌ఈడీ, డాల్బీ విజన్, 120 హెర్ట్జ్, ఏఐ ప్రాసెసర్ అంటూ పేజీలకు పేజీలు. వాటిని చూసి టెన్షన్ పడక్కర్లేదు. డబ్బు పెట్టేది మీరే గానీ చూసేది వాళ్లు. మీరు ఓటీటీలో సినిమాలు చూస్తారు, వాళ్లు డిష్‌లో సీరియళ్లు, వార్తలు చూస్తారు. ఈ తేడా మర్చిపోయి మన కోసం కొన్నట్టు కొనేస్తే, 55 అంగుళాల 4కె తెర మీద పొద్దస్తమానం మసకబొమ్మే ఆడుతుంది.

ఏం చూస్తున్నారో, ఎందులోంచి చూస్తున్నారో కనుక్కోండి

షోరూమ్‌కి వెళ్లే ముందు ఇంటికి ఫోన్ చేయండి. "ఎందుకురా ఇప్పుడంత ఖర్చు, ఉన్నది బాగానే పనిచేస్తోందిగా" అని అమ్మ అనడం ఖాయం. ఇంకాసేపు మాట్లాడిస్తే అసలు సంగతులు బయటికొస్తాయి. స్కోరు చదవడానికి నాన్న కుర్చీ ముందుకు జరుపుకుంటున్నారని, సీరియల్‌లో మ్యూజిక్ వినబడుతోంది గానీ మాటలు వినబడటం లేదని, వంటింట్లోంచి చూస్తే ఏమీ కనబడటం లేదని. ఈ ఫిర్యాదుల్ని రాసిపెట్టుకోండి. టీవీ ఎంచుకోవడానికి ఏ రివ్యూ కంటే ఇవే ఎక్కువ పనికొస్తాయి.

తర్వాత సెట్‌టాప్ బాక్సుకి ముందూ వెనకా ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపమనండి. వెనక పసుపు, ఎరుపు, తెలుపు వైర్లు ఉన్నాయంటే ఇంట్లో వస్తున్నది ఎస్‌డీ బొమ్మ, అంటే తక్కువ స్పష్టత ఉండే పాత రకం. మీరు ఎంత ఖరీదైన టీవీ కొన్నా దాన్ని మార్చలేరు. ఎస్‌డీ చానల్ పంపే బొమ్మలో అడ్డంగా 720 చుక్కలు, నిలువుగా 576. 4కె తెరలో అడ్డంగా 3840, నిలువుగా 2160. గుణించి చూస్తే చానల్ పంపే ఒక్కో చుక్కతో టీవీ 20 చుక్కలు నింపాలి. పాస్‌పోర్ట్ ఫొటోని ఫ్లెక్సీ కొట్టించినట్టు ఉంటుంది వ్యవహారం. పాత 32 అంగుళాల టీవీలో "బానే ఉంది" అనిపించిన బొమ్మ పెద్ద టీవీలో చెదిరిపోవడానికి కారణం ఇదే. కొత్త టీవీ పాడైందని షాపువాడితో గొడవ పడినా లాభం లేదు.

అందుకే టీవీ కంటే ముందు హెచ్‌డీ బాక్సుకి ఖర్చు పెట్టండి. డిష్ అయినా కేబుల్ అయినా సరే, హెచ్‌డీఎంఐ వైరుతో పనిచేసే బాక్సు కావాలి. అది పెట్టించడంతో పని అయిపోదు, ప్యాక్‌లో హెచ్‌డీ చానళ్లు కూడా ఉండాలి. ఈటీవీ, స్టార్ మా, జీ తెలుగు, జెమినీ నాలుగింటికీ హెచ్‌డీ చానళ్లు ఉన్నాయి. వాటి నంబర్లు వేరు. చాలా ఇళ్లలో హెచ్‌డీకి డబ్బు కడుతూనే అలవాటుగా పాత నంబర్ కొట్టి ఎస్‌డీనే చూస్తుంటారు. బాక్సు సెట్టింగుల్లో కూడా ఒకసారి వేలు పెట్టాలి. అవుట్‌పుట్ 576 మీద ఉంటే 1080కి మార్చండి.

న్యూస్, భక్తి చానళ్లు డిష్‌లో ఎక్కువగా ఎస్‌డీలోనే వస్తాయి. కానీ తెలుగు న్యూస్ చానళ్లలో చాలావరకు యూట్యూబ్‌లో లైవ్ ఇస్తాయి, ఆ బొమ్మ డిష్ కంటే స్పష్టంగా ఉంటుంది. ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉంటే ఈ దారి మంచిది. ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, 4కెకి 15 ఎంబీపీఎస్ ఉంటే సరిపోతుందని నెట్‌ఫ్లిక్స్ చెబుతుంది, మామూలు ఫైబర్ ప్లాన్లన్నీ దీనికి మించే ఇస్తాయి. నాన్న ఫోన్ హాట్‌స్పాట్ మీద నెట్టుకొద్దామనుకుంటే మాత్రం కుదరదు. రోజుకు 2 జీబీ ప్యాక్ ఒక్క సినిమాతో అయిపోతుంది.

గది కొలిచాకే సైజు

టీవీ సైజు అంటే మూల నుంచి మూలకు ఉండే ఐమూల కొలత. గోడ మీద చోటు చూసుకోవాలంటే వెడల్పు, ఎత్తు కావాలి. సుమారుగా 43 అంగుళాల టీవీ వెడల్పు 3 అడుగుల పైచిలుకు. 50 అంగుళాలది 3 అడుగుల 8 అంగుళాలు. 55ది 4 అడుగులు, ఎత్తు రెండుంపావు అడుగులు. 65ది 4 అడుగుల 9 అంగుళాలు. అట్టపెట్టె మీద సెంటీమీటర్లలో రాస్తారు కాబట్టి 108 అంటే 43, 126 అంటే 50, 139 లేదా 140 అంటే 55, 164 అంటే 65 అని గుర్తుపెట్టుకోండి. 32 నుంచి 55కి వెళ్తే అంకె రెట్టింపు కూడా కాదు గానీ తెర వైశాల్యం దాదాపు మూడింతలు అవుతుంది.

తెరకీ కళ్లకీ మధ్య దూరాన్ని టేపుతో కొలిపించండి. గోడ నుంచి గోడకు కాదు, గోడ నుంచి మనిషి కూర్చునే చోటికి. 5 నుంచి 6 అడుగులైతే 43 చాలు. 7 నుంచి 9 అడుగులైతే 55. 10 అడుగులు దాటితేనే 65 గురించి ఆలోచించండి. మన డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ల హాలు వెడల్పు 10, 12 అడుగులు ఉంటుంది. అందులో సోఫా పోగా మిగిలేది ఎనిమిదో తొమ్మిదో. అందుకే ఎక్కువ ఇళ్లకు 55 సరిగ్గా సరిపోతుంది. ఒక మినహాయింపు ఉంది. ఎంత చెప్పినా హెచ్‌డీ బాక్సు వద్దంటూ ఎస్‌డీ చానళ్లే చూస్తామంటే, దూరం కూడా 7 అడుగుల లోపే ఉంటే 43 దగ్గర ఆగిపోండి. అక్కడ పెద్ద తెర మేలు చేయదు, చెరుపే చేస్తుంది.

సైజు మీద ఇంట్లో ఎవరికైనా అనుమానం ఉంటే పాత పేపర్లు అతికించి 4 అడుగుల వెడల్పు, రెండుంపావు అడుగుల ఎత్తు ముక్క చేసి గోడకి అంటించమనండి. ఒక రోజు అలా ఉంచితే "అమ్మో అంత పెద్దదా" అన్నవాళ్లే సర్దుకుంటారు, లేదా నిజంగానే వద్దంటారు. ఏదైనా కొనకముందు తెలియడం మంచిది.

పాత ఇళ్లలో ఇంకో చిక్కు షోకేసు. అప్పట్లో టేకుతో చేయించిన షోకేసులో టీవీ గూడు 29 అంగుళాల డబ్బా టీవీకి సరిపోయేలా ఉంటుంది. అందులో 55 పట్టదు. షోకేసు తీసేయమంటే నాన్న ఒప్పుకోరు. అప్పుడు ఎదురు గోడో పక్క గోడో చూడాలి, అక్కడ ప్లగ్గు ఉందా, డిష్ వైరు అందుతుందా అన్నది చూడాలి. కిటికీకో వీధి తలుపుకో ఎదురుగా పెడితే పగలంతా తెరలో వీధి కనబడుతుంది. బల్ల మీద పెట్టాలంటే కాళ్ల మధ్య దూరం కనుక్కోండి. ఇప్పటి చవక టీవీలకు రెండు కొసల్లో రెండు కాళ్లు ఉంటాయి. 55 అంగుళాల టీవీకి మూడున్నర అడుగుల బల్ల చాలకపోవచ్చు.

పనికొచ్చేవి, పక్కన పెట్టాల్సినవి

ఈ ధరలో దొరికే టీవీలన్నీ ఎల్‌ఈడీ బ్యాక్‌లైట్ ఉన్న ఎల్‌సీడీలే. క్యూఎల్‌ఈడీ కూడా అదే జాతి, రంగులు కాస్త నిండుగా వచ్చేలా ఒక పొర అదనం. పేరు దగ్గరగా ఉందని ఓఎల్‌ఈడీ అనుకోకండి, దాని ధర వేరే లోకం. క్యూఎల్‌ఈడీ రెండు మూడు వేల తేడాలో వస్తే తీసుకోండి, అంతకు మించి పెట్టకండి. వెలుగునీడల తేడాను ఎక్కువగా చూపించే హెచ్‌డీఆర్, డాల్బీ విజన్ గురించి అసలు ఆలోచించొద్దు. వాటి మెరుపు కనబడాలంటే తెరకు చాలా వెలుతురు ఉండాలి, ఈ ధరలో అది ఉండదు. 120 హెర్ట్జ్, అంటే సెకనుకు 120 సార్లు బొమ్మ మారే తెర, గేములు ఆడేవాళ్లకు. సీరియళ్లకీ క్రికెట్‌కీ 60 చాలు.

చూడాల్సింది వేరే ఉంది. పక్క నుంచి చూస్తే బొమ్మ ఎలా ఉంటుంది? తెరల్లో ప్రధానంగా రెండు రకాలు. వీఏ రకంలో నలుపు చిక్కగా ఉంటుంది, ఎదురుగా కూర్చుంటే బొమ్మ బాగుంటుంది, పక్కకు జరిగితే రంగులు వెలిసిపోతాయి. ఐపీఎస్ రకంలో నలుపు కాస్త బూడిదగా ఉంటుంది గానీ పక్క నుంచి చూసినా రంగు మారదు. అమ్మ వంటింటి గుమ్మంలోంచి, నాన్న పడక కుర్చీలోంచి, ఇంకొకరు దివాన్ మీంచి చూసే ఇంట్లో నేనైతే ఐపీఎస్ వైపే మొగ్గుతాను. ఈ మాట పెట్టె మీద రాసి ఉండకపోవచ్చు, షాపులో పక్కకు నిలబడి చూస్తే తెలిసిపోతుంది.

హెచ్‌డీఎంఐ పోర్టులు మూడు ఉండాలి, అందులో ఒకటి సౌండ్‌బార్‌కి సౌండ్ పంపగలిగే ఏఆర్‌సీ లేదా ఈఏఆర్‌సీ అయి ఉండాలి. ర్యామ్ 2 జీబీ కంటే తక్కువైతే వద్దు. ఏడాది తిరిగేసరికి బటన్ నొక్కాక కాసేపు ఆగి కదిలే టీవీతో పెద్దవాళ్లకు సహనం నశిస్తుంది. రెండోసారి నొక్కుతారు, మూడోసారి నొక్కుతారు, ఎక్కడికో వెళ్లిపోతుంది, మీకు ఫోన్ వస్తుంది.

మాట వినబడాలి

పెద్దవాళ్ల టీవీలో బొమ్మ కంటే ముందు చూడాల్సింది సౌండ్ అని నా అభిప్రాయం. సన్నటి టీవీల్లో స్పీకర్లు వెనక్కో కిందకో తిరిగి ఉంటాయి. శబ్దం గోడకి తగిలి వస్తుంది, మాటలు ముద్దగా వినబడతాయి. వయసుతో పాటు పై స్థాయి శబ్దాలు వినే శక్తి ముందు తగ్గుతుంది. మాటలో హల్లులు విడివిడిగా తెలిసేది ఆ శబ్దాలతోనే. అందుకే సౌండ్ పెంచినా "ఏమన్నాడు?" అన్న ప్రశ్న ఆగదు. వాట్లు పెరిగినంత మాత్రాన ఇది తీరదు.

ముందుగా టీవీ సెట్టింగుల్లో క్లియర్ వాయిస్, డైలాగ్, స్పీచ్ లాంటి పేర్లతో ఉండే మోడ్ ఉందేమో చూడండి. న్యూస్ మోడ్ కూడా దాదాపు అదే పని చేస్తుంది. అది చాలకపోతే చిన్న సౌండ్‌బార్. దీనికోసం బడ్జెట్‌లో 4, 5 వేలు ముందే పక్కన పెట్టుకోండి. 42 వేల టీవీ కంటే 36 వేల టీవీతో పాటు సౌండ్‌బార్ పెద్దవాళ్లకు ఎక్కువ ఉపయోగం. పెద్ద సబ్‌వూఫర్ ఉన్నది వద్దు, అది దడదడలే పెంచుతుంది. ఏఆర్‌సీ పోర్టుకి కలిపితే టీవీ రిమోట్‌తోనే సౌండ్ పెంచుకోవచ్చు. ఒకరికే వినికిడి తక్కువైతే బ్లూటూత్ హెడ్‌ఫోన్ కూడా ఆలోచించండి. హెడ్‌ఫోన్‌కీ స్పీకర్‌కీ ఒకేసారి సౌండ్ ఇచ్చే సదుపాయం అన్ని టీవీల్లో ఉండదు, అడిగి తెలుసుకోండి.

రిమోట్ దగ్గరే అసలు ఇబ్బంది

పెద్దవాళ్లు స్మార్ట్ టీవీని తిట్టుకునేది బొమ్మ బాగోలేక కాదు. ఆన్ చేయగానే చానల్ రాకుండా ఏవేవో పోస్టర్లు వస్తాయని. దీనికి మందు సెట్టింగుల్లోనే ఉంటుంది. చాలా టీవీల్లో ఆన్ చేయగానే ఏ ఇన్‌పుట్ రావాలో పెట్టుకోవచ్చు. సెట్‌టాప్ బాక్సు ఉన్న హెచ్‌డీఎంఐ పెట్టేస్తే నేరుగా సీరియలే వస్తుంది. షాపులో ఈ సెట్టింగ్ చూపించమని అడగండి, సేల్స్‌మన్‌కి తెలియకపోతే మీరే వెతికి చూడండి. నేనైతే ఇది లేని టీవీని పెద్దవాళ్లకు కొనను.

గూగుల్ టీవీ, ఎల్‌జీ వాళ్ల వెబ్‌ఓఎస్, శాంసంగ్ వాళ్ల టైజెన్ మూడూ బాగానే ఉంటాయి. ఆహా, ఈటీవీ విన్, సన్ నెక్స్ట్, జీ5, జియోహాట్‌స్టార్‌లలో వాళ్లకు కావాల్సినవి ఆ టీవీలో ఉన్నాయో లేదో అక్కడే తెరిచి చూడండి. తక్కువ పేరున్న సాఫ్ట్‌వేర్‌లో తెలుగు యాప్‌లు ఒకోసారి దొరకవు. మీ ఫోన్‌లో ఉన్న మొబైల్ ప్లాన్ టీవీలో పనిచేయదన్నది కూడా లెక్కలో పెట్టుకోండి, నెట్‌ఫ్లిక్స్ మొబైల్ ప్లాన్ అలాంటిదే. రిమోట్‌ని అమ్మ చేతిలో పెట్టినట్టు ఊహించుకోండి. వాల్యూమ్ బటన్లు తడిమితే తెలియాలి. అంకెలు లేని సన్నటి రిమోట్ అయినా ఫర్వాలేదు, చానళ్లు మార్చేది డిష్ రిమోట్‌తోనే కదా.

బ్రాండ్ సంగతి

సోనీ 55 అంగుళాలది సాధారణంగా ఈ బడ్జెట్ దాటిపోతుంది. శాంసంగ్, ఎల్‌జీల మొదటి మెట్టు మోడళ్లు పండగ ఆఫర్లలో 40 వేల చుట్టుపక్కలకు వస్తాయి. టీసీఎల్, హైసెన్స్, షావోమి, వీయూ ఇంకా తక్కువకు ఎక్కువ ఫీచర్లు ఇస్తాయి. పేరు చూసి ఊహించుకోవద్దు. తోషిబా టీవీలు ఇప్పుడు హైసెన్స్ చేతిలో ఉన్నాయి. కొడాక్, థామ్సన్ పేర్లతో ఇక్కడ దొరికేవి లైసెన్సు తీసుకుని భారతీయ కంపెనీ తయారు చేస్తున్నవి. అవి చెడ్డవని కాదు, పేరుకీ తయారీకీ సంబంధం తెలిసి కొనండి. "మేడిన్ ఇండియా" అని చూసి అనుమానపడే వాళ్లూ ఉన్నారు. షావోమి టీవీలు 2018 నుంచి తిరుపతిలో డిక్సన్ ఫ్యాక్టరీలో తయారవుతున్నాయి, టీసీఎల్ కూడా తిరుపతిలోనే తెరల ప్లాంటు పెట్టింది.

బ్రాండ్ కంటే సర్వీసు ముఖ్యం. హైదరాబాద్‌లో సర్వీసు బాగుందంటే ఊళ్లో బాగున్నట్టు కాదు. అమ్మానాన్నల పిన్‌కోడ్‌కి సర్వీసు ఉందా అని కంపెనీ వెబ్‌సైట్‌లో చూడండి. అంతకంటే మంచి ఉపాయం, ఊళ్లో టీవీ మెకానిక్‌ని అడగడం. ఏ కంపెనీ టీవీ విప్పితే సామాను దొరుకుతుందో, ఏది దొరకదో అతనికి తెలిసినట్టు యూట్యూబ్ రివ్యూలు చేసేవాళ్లకు తెలియదు. వారంటీ సాధారణంగా ఒక ఏడాది, కొన్ని కంపెనీలు తెరకు ఇంకో ఏడాది ఇస్తాయి. వారంటీ అయ్యాక తెర పోతే దాన్ని మార్చే ఖర్చు టీవీ ధరలో సగం దాటిపోతుంది. కాబట్టి కంపెనీయే ఇచ్చే పొడిగింపు వారంటీ తక్కువ ధరలో దొరికితే తీసుకోవచ్చు. షాపువాళ్లు అంటగట్టే దానిలో మాత్రం ఓల్టేజి వల్ల పోయినది వర్తిస్తుందా అని చదివి చూడండి. తెర పగిలితే మామూలు వారంటీ ఏదీ పనికిరాదు.

షోరూమ్‌లో ఏం చేయాలి

ఆన్‌లైన్‌లోనే కొందామనుకున్నా ఒక్కసారి షోరూమ్‌కి వెళ్లి రండి. అక్కడ ఆడించే వీడియోని నమ్మకండి. కంపెనీవాళ్లే పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన 4కె పూలు, చిలకలు, జలపాతాలు. పైగా టీవీని షోరూమ్ మోడ్‌లో పెట్టి వెలుతురు పూర్తిగా పెంచి ఉంచుతారు. "డిష్ పెట్టండి, ఏదైనా తెలుగు న్యూస్ చానల్ పెట్టండి" అని అడగండి. అప్పుడు తెలుస్తుంది ఏ టీవీ ఎస్‌డీ బొమ్మని కాస్త పొందికగా సర్దుతుందో, ఏది చిందరవందర చేస్తుందో. డిష్ లేదంటే మీ పెన్‌డ్రైవ్‌లో పాత సినిమా పాటొకటి తక్కువ క్వాలిటీలో వేసుకెళ్లండి.

మీ ఇంట్లో కొలిచిన దూరంలోనే నిలబడి చూడండి. అంత పెద్ద హాల్లో 55 చిన్నగా కనబడి, 65 తీసుకుందామా అనిపిస్తుంది, లొంగకండి. పక్కకు నడిచి చూడండి. సౌండ్ సగంలో పెట్టి కళ్లు మూసుకుని వార్తలు వినండి.

ధర ఎలా చూడాలి

32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది. అంటే పన్నుతో కలిపిన ధర దాదాపు 8 శాతం తగ్గాలి. కాబట్టి అంతకు ముందు ఎవరో కొన్న ధరతో పోల్చుకుని "మనకు చవగ్గా ఇచ్చాడు" అనుకోవద్దు. పెట్టె మీది ఎమ్మార్పీని కూడా పట్టించుకోకండి, దాని మీద 50 శాతం తగ్గింపు అనేది రోజూ ఉండే మాటే. అదే మోడల్‌ని రెండు ఆన్‌లైన్ సైట్లలో, ఒక చైన్ షోరూమ్‌లో, ఊళ్లో పాత షాపులో అడిగి ధరలు పక్కపక్కన రాసుకోండి.

మోడల్ నంబర్ మొత్తం చూడాలి. ఒక్క అక్షరం తేడాతో ఏడాది మారిపోతుంది. శాంసంగ్‌లో సీయూ అంటే 2023, డీయూ అంటే 2024. ఎల్‌జీలో యూఆర్ 2023, యూటీ 2024. చవక రకాల్లో ఏడాదికేడాది మార్పు తక్కువ, కాబట్టి పాత ఏడాది మోడల్ మూడు నాలుగు వేలు తక్కువకు వస్తే సంతోషంగా తీసుకోండి. పెట్టె మీద తయారైన నెల, సంవత్సరం రాసి ఉంటాయి, అవి ఒకసారి చూస్తే చాలు.

దసరా, దీపావళి, సంక్రాంతి, జనవరి 26, ఆగస్టు 15 దగ్గర ఆఫర్లు వస్తాయి. కార్డు డిస్కౌంట్ ఉంటే లెక్కలోకి తీసుకోండి. నో కాస్ట్ ఈఎంఐ అన్నప్పుడు ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ ఉంటాయి. ఒక్కసారి కట్టేస్తే ఎంత తగ్గిస్తావని కూడా అడగండి. ఊళ్లో షాపుని తీసిపారేయకండి. వెయ్యి రెండు వేలు ఎక్కువైనా, టీవీ ఆగిపోయినప్పుడు నాన్న నడిచి వెళ్లి అడగగలిగే మనిషి అక్కడ ఉంటాడు. మీరు వేరే దేశంలో ఉంటే ఈ రెండు వేలు పెట్టడమే నయం.

ఇంటికి వచ్చిన రోజు

ఆన్‌లైన్‌లో అయితే ఓపెన్ బాక్స్ డెలివరీ ఉన్నది ఎంచుకోండి. తెర చూశాకే ఓటీపీ చెప్పమని అమ్మానాన్నలకు ముందే రెండుసార్లు చెప్పి ఉంచండి. కొన్ని కంపెనీలు తమ టెక్నీషియన్ వచ్చేదాకా పెట్టె విప్పొద్దంటాయి, అది చదివి చూసుకోండి. విప్పేటప్పుడు మొత్తం వీడియో తీయమనండి. షాపు నుంచి మనమే తెచ్చుకుంటే పెట్టెని నిలువుగానే ఉంచాలి. కారు సీటు మీద పడుకోబెట్టి తెస్తే తెర చిట్లే ప్రమాదం ఉంది.

ఈ సమయంలోనే మోసగాళ్ల ఫోన్లు వస్తుంటాయి. "ఇన్‌స్టలేషన్ బుక్ చేయాలి, 10 రూపాయలు పంపండి" అనో, ఏదో యాప్ వేసుకోమనో. కస్టమర్ కేర్ నంబర్ గూగుల్‌లో వెతకొద్దని, పెట్టెలో ఉన్న కాగితం మీది నంబరుకే చేయమని చెప్పండి. పొరపాటున డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. సరుకులో లోపం ఉండి కంపెనీ పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

గోడకి బిగించేటప్పుడు తెర మధ్యభాగం కూర్చున్న మనిషి కళ్ల ఎత్తుకు రావాలి. నేల నుంచి మూడున్నర అడుగులు అనుకోండి. బిగించేవాళ్లు అలవాటుగా పైకి పెట్టేస్తారు, పక్కన నిలబడి చెప్పాలి. పడుకుని చూసే అలవాటుంటే కాస్త పైకి పెట్టి కిందకి వంచే స్టాండు తీసుకోండి. పాత మట్టిగోడో సున్నపు గోడో అయితే మేస్త్రిని పిలిచి చూపించాకే మేకులు దించాలి. 55 అంగుళాల టీవీ బరువు 12 నుంచి 16 కిలోలు ఉంటుంది.

కరెంటు గురించి భయపడక్కర్లేదు. 120 వాట్ల టీవీ రోజుకు ఆరు గంటలు ఆడితే నెలకు 22 యూనిట్ల లోపు. స్టెబిలైజర్ చాలా టీవీలకు అక్కర్లేదు, పెట్టె మీద 100 నుంచి 240 ఓల్టులు అని రాసి ఉందేమో చూడండి. పిడుగుల సమయంలో ఇబ్బంది ప్లగ్గు నుంచే కాదు, డిష్ వైరు నుంచి కూడా వస్తుంది. మంచి స్పైక్ గార్డ్ పెట్టించండి. ఉరుములు మొదలైతే ప్లగ్గు తీయడంతో పాటు హెచ్‌డీఎంఐ వైరు కూడా లాగేయమనండి.

మొదటి వారంలో

పిక్చర్ మోడ్ వివిడ్‌లో ఉంటే సినిమా లేదా స్టాండర్డ్‌కి మార్చండి. శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లకు ఎక్కువ వెలుతురు కళ్లకు గుచ్చుకుంటుంది, రాత్రిపూట తగ్గించుకునే బటన్ చూపించండి. మోషన్ స్మూతింగ్ ఆపేయండి, లేకపోతే సినిమా కూడా సీరియల్‌లా జారుతూ కనబడుతుంది. పాత చానళ్లలో మనుషులు పొట్టిగా లావుగా కనబడితే అది సాగదీయడం వల్ల. యాస్పెక్ట్ రేషియోని 4:3కి మారిస్తే పక్కన నల్లగా వస్తుంది గానీ మనిషి మనిషిలా ఉంటాడు. గూగుల్ ఖాతాలో మీ కార్డు వివరాలు ఉంటే తీసేయండి. ఏ బటన్ ఎందుకో పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి.

తెరను అద్దాలు తుడిచే స్ప్రేతో తుడవొద్దని ఇంట్లో పనిచేసే అమ్మాయికి కూడా చెప్పండి. పొడి మెత్తటి గుడ్డ చాలు. దసరాకి బొట్టు పెడతామంటే ఫ్రేమ్ మీద పెట్టుకోమనండి.

రీప్లేస్‌మెంట్ గడువు చాలా సైట్లలో వారం పది రోజులే. ఆ లోపల ఒకసారి రాత్రి లైట్లు తీసేసి, పూర్తి నల్ల తెర, పూర్తి తెల్ల తెర వచ్చే వీడియోలు యూట్యూబ్‌లో పెట్టించి వీడియో కాల్‌లో చూడండి. చచ్చిన చుక్కలు, మూలల్లో తెల్లటి మచ్చలు, గీతలు ఉంటే అప్పుడే తెలుస్తాయి. బిల్లు, వారంటీ కార్డు ఫొటో తీసి మీ దగ్గర ఉంచుకోండి, కంపెనీ సైట్‌లో సీరియల్ నంబర్ రిజిస్టర్ చేయండి. అట్టపెట్టె, లోపలి థర్మాకోల్ మాత్రం గడువు దాటేదాకా పాత సామానువాడికి ఇవ్వొద్దని అమ్మకి గట్టిగా చెప్పండి. అవి లేకపోతే చాలామంది టీవీ వెనక్కి తీసుకోరు.